లినక్స్ బూట్ అవుతుంటే స్క్రీన్ నల్లగా ఉండిపోయిందా? ఇలా చూడండి

కంప్యూటర్ ఆన్ చేశారు. ఫ్యాన్ తిరుగుతోంది, క్యాబినెట్ మీద లైట్ వెలిగింది, మానిటర్‌లో మాత్రం ఏమీ లేదు. లేదంటే కంపెనీ లోగో వచ్చింది, ఒక్క క్షణం ఏదో మెరిసింది, ఆ తర్వాత అంతా చీకటి. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేద్దామని. వద్దు. బొమ్మ రాకపోయినా మీ ఫైళ్ళు చాలాసార్లు హార్డ్ డిస్కులో నిక్షేపంగా ఉంటాయి. ఫార్మాట్ కొడితే అవి పోతాయి, డ్రైవర్ గొడవ మాత్రం కొత్త ఇన్‌స్టలేషన్‌లో కూడా మళ్ళీ మొదలవుతుంది.

ఇంట్లో కరెంటు పోతే ముందు పక్కింట్లో ఉందో లేదో చూస్తాం, ఆ తర్వాతే ఫ్యూజు దగ్గరికి వెళ్తాం. ఇక్కడా అంతే. బొమ్మ ఎక్కడి దాకా వచ్చి ఆగిందో తేల్చుకోండి. అది తేలితే సగం పని అయినట్టే.

ఒక మాట. కమాండ్లను పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను, ఫోన్‌లో ఫ్రెండ్‌కు చెప్పినట్టు. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాల్లోనే కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాను. ఖాళీ ఉన్న చోట ఖాళీ, గీత ఉన్న చోట మైనస్. ఉదాహరణలన్నీ ఉబుంటువి. మింట్, డెబియన్ వాడేవాళ్ళకు కూడా చాలావరకు ఇవే పనిచేస్తాయి.

ముందు ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా స్క్రీన్ నాలుగు చేతులు మారుతుంది. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లోగో చూపిస్తుంది. దాన్ని మనం ఇప్పటికీ బయోస్ అనే అంటాం. తర్వాత గ్రబ్ వస్తుంది, ఏ సిస్టమ్‌లోకి వెళ్ళాలో అడిగే మెనూ అదే. ఆ తర్వాత కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను లేపి, మానిటర్‌కు సరిపోయే రిజల్యూషన్ పెడుతుంది. చివరికి లాగిన్ స్క్రీన్: మామూలు ఉబుంటులో జీడీఎం, మింట్‌లో లైట్‌డీఎం, కేడీఈ వాడేవాళ్ళకు ఎక్కువగా ఎస్‌డీడీఎం.

ఒకప్పుడు రిజల్యూషన్ పెట్టే పని ఎక్స్ సర్వర్ అనే డిస్‌ప్లే ప్రోగ్రామ్‌ది. 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో ఆ పని కెర్నల్ చేతికి రావడం మొదలైంది. దాన్నే కెర్నల్ మోడ్ సెట్టింగ్ అంటారు. లోగో, గ్రబ్ బాగానే కనబడి ఆ తర్వాత స్క్రీన్ పోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ మలుపునే.

ఇవన్నీ కళ్ళు ఆర్పేలోపు జరిగిపోతాయి కాబట్టి ఫోన్‌లో వీడియో తీయండి. పవర్ బటన్ నొక్కే ముందే రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాత మెల్లగా నడిపి చూడండి. కంటికి దొరకని ఎర్రర్ లైను వీడియోలో దొరుకుతుంది. రేపు ఎవరినైనా సాయం అడగాలన్నా ‘స్క్రీన్ రావట్లేదు’ అనే కంటే ఆ వీడియో పంపడం నయం.

మానిటర్ ఏమంటోందో కూడా చూడండి. ‘నో సిగ్నల్’ అని రాసి, పవర్ లైటు రంగు మారి నిద్రపోతే, దానికి సిగ్నలే అందట్లేదు. లైటు మామూలుగా ఉండి స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే సిగ్నల్ అందుతోంది, అందులో బొమ్మ లేదు. ‘ఔట్ ఆఫ్ రేంజ్’ లేదా ‘ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్’ అంటే కంప్యూటర్ బొమ్మ పంపుతోంది కానీ ఆ రిజల్యూషనో రిఫ్రెష్ రేటో మానిటర్‌కు పడట్లేదు. మూడూ మూడు వేరే జబ్బులు.

ఇంకో చిన్న పరీక్ష: కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రావట్లేదు. నొక్కినా కదలకపోతే మొత్తం బిగుసుకుపోయి ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ లైటు దానంతటదే టపటపా కొట్టుకుంటుంటే కెర్నల్ పానిక్ అయివుండొచ్చు, అంటే కెర్నల్ కోలుకోలేని తప్పు తగిలి ఆగిపోయిందని.

లోగో కూడా రాకపోతే

అయితే లినక్స్‌ను తిట్టకండి. అప్పటికి లినక్స్ ఇంకా లేవనే లేదు. ఇది కేబుల్, మానిటర్, ర్యామ్, కరెంటు వ్యవహారం.

మొదట కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీలో కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. క్యాబినెట్ వెనక పైభాగాన, యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉండేది మదర్‌బోర్డు పోర్టు. కింద అడ్డంగా ఉండేవి కార్డు పోర్టులు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనందరం సీటీసీ అనేచోట, పార్ట్స్ కొనుక్కుని ఇంట్లో అసెంబుల్ చేసుకునేవాళ్ళ దగ్గర ఇది తరచూ చూస్తుంటాను. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు. మదర్‌బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా అది అలంకారమే. ఏఎండీలో రైజెన్ 5 5600కు కూడా గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. నాకు తెలిసినాయన ఒకరికి ఒక షాపులో ‘కార్డు పోయింది, మార్చాలి’ అని చెప్పి పంపారు. ఇంటికెళ్ళి చూస్తే కేబుల్ మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది. తీసి కార్డుకు పెట్టేసరికి బొమ్మ వచ్చింది.

తర్వాత మానిటర్ ఇన్‌పుట్. ఆఫీసులు వాడి తీసేసిన మానిటర్లు నగరంలో చవగ్గా దొరుకుతాయి. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండి కోర్సులు చేసేవాళ్ళకు అవే ఆధారం. వాటిలో చాలావాటికి వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. మానిటర్ కింది బటన్లతో మెనూలోకి వెళ్ళి, ఇన్‌పుట్ ‘ఆటో’లో కాకుండా మీరు కేబుల్ పెట్టిన పోర్టు మీదే ఉంచండి. ఆటోలో పెడితే కొన్ని మానిటర్లు ఒక్కో పోర్టూ వెతుక్కుంటూ కూర్చుంటాయి, ఈలోపు లోగో, గ్రబ్ రెండూ వెళ్ళిపోతాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ వాడుతుంటే దాన్ని మొదటి ముద్దాయిగా చూడండి. డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చడానికి లోపల ఒక చిప్ ఉండాలి, ఆ చిప్‌కు కరెంటు కావాలి. చవక రకాలు వేడెక్కి మధ్యలో చేతులెత్తేస్తాయి.

కేబుల్ మార్చి చూశారు, మానిటర్‌ను ఇంకో ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశారు, అక్కడ బాగానే ఉంది. అయితే ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. మిగిలిన ఛార్జ్ పోతుంది. ఎండాకాలంలో కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు, పిడుగులు పడ్డ సాయంత్రాల్లో దీంతోనే లేచిన పీసీలు ఉన్నాయి. లేవకపోతే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళను మామూలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్‌మని శబ్దం వచ్చేలా గుచ్చండి. రెండు ర్యామ్‌లుంటే ఒకటే పెట్టి చూడండి. ఇది షాపువాళ్ళ చిట్కానే, ఇంట్లో చేసుకుంటే డబ్బులు మిగులుతాయి.

డీడీఆర్5 ర్యామ్‌తో కొత్త పీసీ కట్టుకున్నవాళ్ళు మాత్రం కాస్త ఓపిక పట్టండి. మొదటిసారి, లేదా బయోస్ రీసెట్ చేశాక, మదర్‌బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాల దాకా నల్ల స్క్రీన్ చూపిస్తుంది. మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. టీ తాగి రండి.

లోగో వచ్చింది, గ్రబ్ కనబడలేదు

ఒక్క ఉబుంటు మాత్రమే ఉన్న పీసీలో గ్రబ్ కనబడదు, అది మామూలే. దాన్ని పిలవాలి. లోగో కనబడగానే ఎస్కేప్ కీని ఒకసారి నొక్కండి. పాత బయోస్ పద్ధతిలో నడిచే పీసీ అయితే షిఫ్ట్‌ను నొక్కి పట్టుకోండి. ఎస్కేప్‌ను కంగారులో ఎక్కువసార్లు కొడితే మెనూ బదులు ‘గ్రబ్’ అనే మాట, పక్కన బాణం గుర్తు ఉన్న ఖాళీ స్క్రీన్ వస్తుంది. అప్పుడు టెన్షన్ పడకండి. ‘నార్మల్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే మెనూ వస్తుంది.

గ్రబ్ దాకా బాగానే ఉంది, తర్వాత చీకటి

అసలు కథ ఇక్కడే. లినక్స్‌లో డిస్‌ప్లే గొడవల్లో ఎక్కువ భాగం ఈ మలుపులోనే తగులుతాయి. వీటిని సరిచేయడానికి స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు, కీబోర్డు చాలు.

మొదటి ప్రయత్నం పాత కెర్నల్. గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు’ మీద ఎంటర్ కొట్టండి. కెర్నళ్ళ వరస కనిపిస్తుంది, పైన కొత్తది, కింద పాతది. ఉబుంటు అప్‌డేట్ చేసినప్పుడు పాత కెర్నల్‌ను సాధారణంగా ఒకటి ఉంచుతుంది, ఇలాంటి రోజు కోసమే. రికవరీ అని రాసి లేని పాత దాన్ని ఎంచుకోండి. దాంతో మామూలుగా వచ్చేస్తే నిన్నటి అప్‌డేటే కారణం. ఈరోజు పని దాంతో కానిచ్చుకుని, తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

పాతదానితోనూ రాకపోతే గ్రబ్ మెనూలో మొదటి వరస మీద ఉండి ‘ఈ’ అక్షరం నొక్కండి. ఒక ఎడిటర్ తెరుచుకుంటుంది, చూడగానే భయం వేసేలా ఉంటుంది. కిందికి దిగుతూ ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరస వెతకండి. ఆ వరస చివర్లో ‘క్వయట్ స్ప్లాష్’ అనే రెండు మాటలు ఉంటాయి. ఈ రెండూ చేసే పని లోపల జరుగుతున్నది మీకు కనబడకుండా దాచి, అందమైన లోగో చూపించడం. ఇవాళ ఆ అందం అక్కర్లేదు. రెండూ తీసేసి కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కండి, లేదా ఎఫ్10. ఇప్పుడు తెల్ల అక్షరాల వరసలు గబగబా కదులుతాయి. ఎక్కడ ఆగిందో ఫోటో తీయండి. ఆఖరి వరసల్లో నూవో, ఎన్‌విడియా, ఏఎండీజీపీయూ, ఐ915 అనే పేర్లలో ఏదైనా ఉంటే అది గ్రాఫిక్స్ డ్రైవరే. ఐ915 అంటే ఇంటెల్‌ది. నూవో అంటే ఎన్‌విడియా కార్డులకు ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్.

అక్షరాలు కూడా మధ్యలో మాయమైపోయాయా? రీస్టార్ట్ చేసి, మళ్ళీ ‘ఈ’ నొక్కి అదే వరసకు వెళ్ళండి. ఈసారి క్వయట్ స్ప్లాష్ ఉన్న చోట ‘నోమోడ్‌సెట్’ అని రాయండి. నో, మోడ్, సెట్ మూడూ కలిపి ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మళ్ళీ కంట్రోల్ ఎక్స్. ఈ ఒక్క మాటతో, గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి వెళ్ళొద్దని, ఫర్మ్‌వేర్ ఇచ్చిన సాదా స్క్రీన్‌తోనే నడిపించమని కెర్నల్‌కు చెప్పినట్టు. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో ‘సేఫ్ గ్రాఫిక్స్’ అని కనిపించేది కూడా ఇదే.

ఇక్కడ చేసిన మార్పు ఆ ఒక్క బూట్‌కే. తప్పు కొట్టినా రీస్టార్ట్ చేస్తే పాత స్థితి వచ్చేస్తుంది, కాబట్టి ధైర్యంగా ప్రయత్నించండి.

నోమోడ్‌సెట్‌తో డెస్క్‌టాప్ వస్తే గొడవ డ్రైవర్‌దేనని దాదాపు తేలినట్టే. బొమ్మ మొద్దుగా ఉంటుంది, రెండో మానిటర్ పనిచేయదు, వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి. కొందరు ఇదే శాశ్వతం అనుకుని సెట్టింగుల్లో రాసేసుకుని నెలల తరబడి ఆ మసక స్క్రీన్‌తోనే లాగిస్తుంటారు. అంత అవసరం లేదు. ఇది లోపలికి వెళ్ళడానికి దారి మాత్రమే, వెళ్ళాక డ్రైవర్ సరిచేసుకోవాలి.

లోపలికి వెళ్ళాక టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌పీసీఐ -కే’ కొట్టండి. వీజీఏ అని ఉన్న చోట మీ కార్డు పేరు, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరస ఉంటాయి. నోమోడ్‌సెట్‌తో ఉన్నప్పుడు ఆ వరస కనబడకపోవచ్చు, అది సహజం. కార్డు ఎవరిదో తెలిస్తే చాలు. ఆగిపోయిన బూట్‌లో ఏం జరిగిందో చూడాలంటే, అది ఇప్పటికి వెంటనే ముందుదైతే, ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1 -పీ ఈఆర్ఆర్’ కొట్టండి. మైనస్ ఒకటి అంటే కిందటి బూట్ అని. ఆ లాగ్‌లో డీఆర్ఎం అనే మూడక్షరాలు ఉన్న వరసలు పట్టుకోండి, డిస్‌ప్లే సంగతులు చెప్పేవి అవే.

ఇంటెల్, ఏఎండీ కార్డులకు డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి. అక్కడ సమస్య వస్తే ఎక్కువగా కార్డు కొత్తది, కెర్నల్ పాతది. లేదా కార్డుకు కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైళ్ళు లేవు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పేరు ఉబుంటులో ‘లినక్స్-ఫర్మ్‌వేర్’. డెబియన్‌లో 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఈ ఫర్మ్‌వేర్ మామూలు ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అంతకుముందు వెర్షన్ల ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టలేషన్ ఫైలు, ఎవరిదగ్గరో తీసుకుని ఇన్‌స్టాల్ చేస్తే ఏఎండీ కార్డు ఉన్నవాళ్ళకు నల్ల స్క్రీన్ తప్పకపోవచ్చు. కొత్త ఐఎస్ఓ దించుకోండి.

ఎన్‌విడియా ఉంటే

విడిగా చెప్పాల్సిందే, ఎందుకంటే పేచీలు ఎక్కువ. నోమోడ్‌సెట్‌తో లోపలికొచ్చి, ఇంటర్నెట్ కలిపి, ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ కొట్టండి. మీ కార్డుకు ఏ డ్రైవర్ సరిపోతుందో అదే చూసుకుని పెడుతుంది. ఎన్‌విడియా వెబ్‌సైట్ నుంచి ఫైలు దించి నేరుగా నడపొద్దు, తర్వాత కెర్నల్ మారిన ప్రతిసారీ తలనొప్పి.

డ్రైవర్ పెట్టాక కూడా మళ్ళీ చీకటేనా? సెక్యూర్ బూట్ సంగతి చూడండి. ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ అని కొడితే అది ఆన్‌లో ఉందో లేదో చెప్తుంది, ముందున్నవి రెండు మైనస్‌లు. ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. అందుకే డ్రైవర్ పెట్టేటప్పుడు ఒక్కోసారి ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. దాన్ని చూసి ఏదో వైరస్ అనుకునో, పట్టించుకోకనో వదిలేస్తే కొన్ని సెకన్లలో వెళ్ళిపోతుంది. అంతే, డ్రైవర్ ఉండీ లేనట్టే. ఆ నీలం స్క్రీన్‌లో ఏదైనా కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ అని వెళ్ళి, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టి రీబూట్ చేయాలి. తప్పిపోయి ఉంటే ‘సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వర్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డీఈఆర్’ కొట్టి మళ్ళీ పిలిపించుకోవచ్చు. ఈ దారిలో ఫోల్డర్ పేరు మోక్ చిన్న అక్షరాల్లో, ఫైలు పేరు మోక్ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కెర్నల్ అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే, కొత్త కెర్నల్‌కు డ్రైవర్ తయారు కాలేదేమో చూడండి. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే ఏ కెర్నల్‌కు తయారైందో వరసగా చూపిస్తుంది. కొత్త కెర్నల్ నంబర్ ఆ వరసలో లేకపోతే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనరిక్’ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ‘డీకేఎంఎస్’ కమాండే లేదంటే మీ డ్రైవర్ ఆ పద్ధతిలో రాలేదన్నమాట, ఈ మెట్టు వదిలేయండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఒక విచిత్రం ఉంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ మీద నడుస్తుంది, హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం చాలా మోడళ్ళలో ఎన్‌విడియాకు కలిపి ఉంటుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ బాగుండి బయటి మానిటర్‌కే బొమ్మ రాకపోతే కేబుళ్ళు మార్చుకుంటూ కూర్చోకండి, ఎన్‌విడియా డ్రైవర్ చూడండి.

లాగిన్ దగ్గర ఆగితే

బూట్ మెసేజులన్నీ అయిపోయాయి, లాగిన్ స్క్రీన్ మాత్రం రాదు. లేదా పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ లాగిన్‌కే వస్తుంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తుంది. పేరు కొట్టి ఎంటర్, తర్వాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనబడవు, కీబోర్డు పోయిందనుకోకండి.

లోపలికి రాగానే ముందు ‘డీఎఫ్ -హెచ్’ కొట్టండి. స్లాష్ గుర్తు ఒక్కటే ఉన్న వరసలో 100 శాతం అని ఉంటే దొంగ దొరికాడు. డిస్కులో చోటు లేకపోతే లాగిన్ ప్రోగ్రామ్ తన చిన్న ఫైళ్ళు కూడా రాసుకోలేదు, అందుకే స్క్రీన్ రాదు. గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తూ పూటలు గడిపేవాళ్ళలో కొందరి అసలు సమస్య సినిమాలతో నిండిన డౌన్‌లోడ్స్ ఫోల్డరే. ‘సుడో ఆప్ట్ క్లీన్’, ఆపైన ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ కొట్టండి, చివరి ఎం పెద్ద అక్షరం. ఊపిరాడేంత చోటు వస్తుంది.

చోటు ఉంది, అయినా లాగిన్‌కే తిరిగొస్తుంటే హోమ్ ఫోల్డర్‌లో దాక్కున్న ‘.ఎక్స్ అథారిటీ’ ఫైలు చూడండి. ముందు చుక్క, తర్వాత ఎక్స్ పెద్ద అక్షరం, మధ్యలో ఖాళీ లేదు. ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొడితే దాని యజమాని పేరు కనిపిస్తుంది. మీ పేరు ఉండాల్సిన చోట రూట్ అని, అంటే అడ్మిన్ పేరు, ఉంటే ‘ఎంవీ’ కమాండ్‌తో దాని పేరు మార్చేయండి, లాగిన్ అయినప్పుడు కొత్తది తయారవుతుంది. తర్వాత ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ జీడీఎం3’. మింట్ అయితే జీడీఎం3 బదులు లైట్‌డీఎం.

మానిటర్ మార్చాకే ఇలా మొదలైందా? పాత మానిటర్ల అమరిక హోమ్‌లోని ‘.కాన్ఫిగ్’ ఫోల్డర్‌లో ‘మానిటర్స్.ఎక్స్ఎంఎల్’ అనే ఫైల్లో ఉంటుంది. దాని పేరు మార్చి లాగిన్ అవ్వండి. ఇప్పుడు లేని రెండో మానిటర్ మీద బొమ్మ వేయడానికి చూస్తున్న డెస్క్‌టాప్ దారికొస్తుంది.

‘ఔట్ ఆఫ్ రేంజ్’, లేదా 1024ఎక్స్768 దాటని స్క్రీన్

ప్రతి మానిటర్ తన శక్తి ఎంతో కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. ఆ సమాచారం పేరు ఈడీఐడీ, మూల భాగం 128 బైట్లే. వీజీఏ కేబుల్‌లో అది 12, 15 నంబర్ పిన్నుల మీదుగా వస్తుంది. కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూడండి, కింది వరసలో ఒక పిన్ను వంగో విరిగో ఉంటే బొమ్మ వస్తుంది కానీ మానిటర్ తన గురించి చెప్పుకోలేదు. అప్పుడు లినక్స్ తక్కువ రిజల్యూషన్‌తో సరిపెడుతుంది. దీనికి సాఫ్ట్‌వేర్ మందు వెతికే ముందు కొత్త కేబుల్ కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ సీటీసీలో గానీ దొరుకుతుంది.

కేబుల్ మార్చినా అంతే ఉంటే ‘ఎల్ఎస్ /ఎస్‌వైఎస్/క్లాస్/డీఆర్ఎం’ కొట్టి మీ పోర్టు పేరు చూడండి. కార్డు నంబర్ తర్వాత గీత, ఆపైన హెచ్‌డీఎంఐ-ఏ-1 అనో వీజీఏ-1 అనో ఉంటుంది. గ్రబ్‌లో ‘ఈ’ నొక్కి, లినక్స్ వరస చివర ‘వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1280ఎక్స్720@60’ అని రాయండి. పోర్టు పేరు పెద్ద అక్షరాల్లో, అంకెల మధ్య ఎక్స్ చిన్న అక్షరంలో ఉండాలి. ఇది నోమోడ్‌సెట్‌తో కలిపి రాయకండి. డ్రైవర్ లేనప్పుడు దీన్ని పట్టించుకునేవాళ్ళు ఉండరు. కనెక్షన్‌నే గుర్తించట్లేదనుకుంటే 60 పక్కన చిన్న ‘ఈ’ అక్షరం చేర్చండి, మానిటర్ ఉందని ఒప్పించినట్టు.

ల్యాప్‌టాప్ స్క్రీన్ అయితే ముందు ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. లోపల మసగ్గా బొమ్మ కనబడితే పోయింది బ్యాక్‌లైట్ మాత్రమే. బ్రైట్‌నెస్ కీలు నొక్కి చూడండి, లేకపోతే గ్రబ్‌లో ‘ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్’ ప్రయత్నించండి. మధ్యలో ఉన్నది కింది గీత.

పనిచేసింది అనుకున్నాక

గ్రబ్‌లో రాసినది నిలవాలంటే ‘సుడో నానో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్’ తెరవండి. ‘క్వయట్ స్ప్లాష్’ ఉన్న వరసలో కోట్ గుర్తుల లోపల మీ మాట చేర్చండి. పనిలో పనిగా టైమ్‌ఔట్ స్టైల్ పక్కనున్న ‘హిడెన్’ తీసి ‘మెనూ’ అని, టైమ్‌ఔట్ పక్కనున్న 0 తీసి 10 అని పెట్టండి. నెమ్మదిగా లేచే మానిటర్‌కు కూడా మెనూ అందుతుంది. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్‌తో సేవ్ చేసి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి. ఇది మరిచిపోతే రాసినదంతా వృథా.

‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్’ కూడా ఇప్పుడే చేసి పెట్టుకోండి. ఇంకోసారి స్క్రీన్ పోతే అదే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి టర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌తో లోపలికి వెళ్ళొచ్చు. సిస్టమ్ పూర్తిగా బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కి చంపకండి. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎస్, యూ, బీ ఒక్కోటి కాస్త ఆగి ఆగి నొక్కండి. డిస్కులో రాయాల్సింది రాసేసి రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటు మామూలుగా ఈ మూడింటినీ అనుమతిస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా లోగో దగ్గరే చుక్కలు, గీతలు కనబడుతుంటే, లేదా బయోస్ స్క్రీనే వణుకుతుంటే అది హార్డ్‌వేర్. అప్పుడు షాపుకు వెళ్ళండి. మానిటర్, కేబుల్ కూడా మోసుకెళ్ళండి. వాళ్ళ మానిటర్‌కు పెట్టి చూసి ‘బాగానే ఉంది కదా’ అని పంపేస్తే ఇంటికొచ్చాక మళ్ళీ మొదటికే. లోపల లినక్స్ ఉందని ముందే చెప్పండి. విండోస్ వేసి చూస్తామంటే ఒప్పుకోకండి, డిస్కు తీసి ఇంట్లో పెట్టుకునే వెళ్ళండి. బయోస్ స్క్రీన్ రావడానికి డిస్కుతో పనే లేదు.